డేరా పిల్లల పేరు ఏ ఊరి లెక్కలో?

పెద్దమండ్యం నుంచి మదనపల్లె, పుంగనూరు మీదుగా కుప్పం దాకా జాతర ఎక్కడ జరిగితే అక్కడ పూసలు, సూదులు, పిన్నీసులు పరుచుకుని నక్కలోళ్ల కుటుంబాలు కనిపిస్తాయి. తల్లి బేరం చేస్తుంటే ఒడిలో ఒక బిడ్డ, పక్కన గోనెపట్టా మీద ఇంకో బిడ్డ. ఆ పసివాళ్లకు టీకాలు పడ్డాయా, పాలూ గుడ్డూ అందుతున్నాయా అన్నది ఏ ఊరి బాధ్యతా కాకుండా పోతోంది. జాతర ముగిస్తే డేరా ఇంకో ఊరికి కదులుతుంది.

ఇలాంటి పిల్లలను అర్థం చేసుకోకపోవడం మన దగ్గరే కాదు. ఐరోపాలోని రోమాలు ఎన్నో వందల ఏళ్ల కిందట మన దేశం నుంచి వెళ్లినవారి సంతతి. చెక్ దేశంలో వారి పిల్లలను బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పెట్టిన ప్రత్యేక బడులకు పంపడం వివక్షేనని 2007లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తేల్చింది. ఆ పిల్లలకు పెట్టిన పరీక్షలు వారి మాటకూ బతుకుకూ సరిపడినవి కావు. మన దగ్గరా నక్కలోళ్ల ఇంట్లో వాగ్రీబోలి, ఇంకో తెగ అయిన ఎరుకల ఇంట్లో ఎరుకల మాట. అంగన్‌వాడీలో మూడేళ్ల బిడ్డ నోరు విప్పకుంటే చదువు రాదనుకోకూడదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఓపిగ్గా మాట్లాడిస్తే మాట మెల్లగా వస్తుంది.

పిల్లల పేరు నమోదు చేయించడానికి పెద్దలు జంకే కారణం ఇంకా లోతుగా ఉంది. 1871 నాటి నేరస్త తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల వంటి తెగల వారి పేర్లు, వేలిముద్రలు రాసుకున్నారు, హాజరు వేయించుకున్నారు, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. రిజిస్టరులో పేరు ఎక్కడమంటే పోలీసు కంట్లో పడటమేనని తాతలు నేర్చుకున్న భయం మాత్రం ఒక్క రోజులో పోయేది కాదు. వాళ్లు కాగితానికి దూరంగా ఉంటే బాధ్యత లేదని తిట్టడం అన్యాయం.

కానీ ఇప్పుడు కాగితం లేకపోతే కష్టమే. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేరికకు జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం మారింది. అయినా వయసు రుజువు లేదని ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను వెనక్కి పంపరాదన్న విద్యాహక్కు చట్టం మాటను ప్రధానోపాధ్యాయులు గుర్తుంచుకోవాలి. పుట్టిన ఏడాది దాటితే నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. రోజు పూసల అమ్మకం మీద బతికే తల్లి పని మానుకుని ఎన్నిసార్లు ఆ ఆఫీసు మెట్లెక్కగలదు? కులపత్రం సంగతీ అంతే. నక్కల వారిని మన రాష్ట్రంలో 2003లో షెడ్యూల్డు తెగల్లో చేర్చారు. కుప్పం దాటితే వచ్చే తమిళనాడులో నరికురవర్లుగా పిలిచే ఇదే జనానికి ఆ గుర్తింపు 2023లో గానీ రాలేదు. సరిహద్దుకు అటూ ఇటూ చుట్టరికాలున్న కుటుంబాలకు ఈ తేడా ఎంత భారమో ఊహించవచ్చు.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఇల్లున్న పిల్లల కోసమే పుట్టలేదు. బిడ్డ ఈ రోజు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి అంగన్‌వాడీ పిల్లే. బోయకొండ గంగమ్మ దగ్గరా, కుప్పం గంగమ్మ జాతరలోనూ చలివేంద్రాలు పెడుతున్నాం. ఆ పక్కనే పోలీసులు లేకుండా ఏఎన్ఎం, అంగన్‌వాడీ కార్యకర్త, సచివాలయ సిబ్బంది ఒక బల్ల వేసుకుని కూర్చోవాలి. టీకా, తూకం, జనన నమోదు దరఖాస్తు అక్కడే జరగాలి. ఉత్తర్వు ఇవ్వగల అధికారి కూడా జాతర రోజుల్లో ఒక పూట అక్కడికి రావాలి.