రిమోటు పోయి ఓటీపీ వచ్చింది

ఏ ఓటీటీకి చందా కట్టాలి, ఏది మానాలి అన్నది మనిషి అభిరుచికీ జేబుకీ సంబంధించిన విషయమన్నట్టే పత్రికలు రాస్తుంటాయి. ఏ ప్లాను చవక, ఏ సినిమా ఎందులో వస్తుంది అని పట్టికలు వేస్తాయి. ఆ ఎంపిక ఇంట్లో ఎవరు చేస్తున్నారన్న ప్రశ్న మాత్రం ఆ పట్టికల్లో ఎక్కడా కనబడదు. చెన్నూరులో దీనికి జవాబు దొరకాలంటే ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో చూస్తే చాలు.

టీవీ ఇంటింటికీ వచ్చిన రోజుల్లో తెర మీద స్త్రీని ఎలా చూపిస్తున్నారన్న దాని మీద స్త్రీల సంఘాలు చాలా మాట్లాడాయి. స్త్రీలను అసభ్యంగా చూపించడాన్ని నిషేధించే చట్టం 1986లోనే వచ్చింది. రిమోటు ఎవరి చేతిలో ఉంటుందన్నది మాత్రం ఇంటి గొడవ కిందే జమ అయిపోయింది. అయినా రిమోటుకు ఒక మంచి గుణం ఉండేది. ఇంటాయన డ్యూటీకి పోతే అది గూట్లోనే ఉండేది. మధ్యాహ్నం అంట్లు తోమి, బట్టలు ఆరేసి వచ్చిన ఆడమనిషికి ఓ గంట అందేది. ఫోను అట్లా కాదు. మొదటి షిఫ్టుకు పోయే మనిషి జేబులో అదీ పోతుంది. దాంతో పాటే ఇంటి వినోదమూ పోతుంది.

కంపెనీలు తగ్గించిన ధరలు కూడా ఈ ఏర్పాటుకే సరిపోయాయి. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో మొబైల్ ప్లానును నెలకు 149 రూపాయలకు దించింది. జియోహాట్‌స్టార్ 2025 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు మొబైల్ ప్లాను మూడు నెలలకు 149. పేదింటికి అందే ధరలే, కాదనను. కానీ ఆ ధరకు దొరికేది ఒక్క ఫోను, ఒక్క తెర. రీచార్జితో పాటు ఉచితంగా ఇచ్చే చందా కూడా ఆ సిమ్ము ఎవరిదో వాళ్లకే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కోసం 2019లో లెక్క తీసినప్పుడు తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. కరోనా తర్వాత ఫోన్లు పెరిగాయి నిజమే. పెరిగిన వాటిలో ఆడవాళ్ల చేతికి వచ్చినవి చాలా వరకు కొడుకు వాడి పక్కన పెట్టినవి, డేటా అయిపోయినవి.

డబ్బు సంగతి ఇంకా ఘోరం. మా వాడకట్టులో ఒకామె ఎండాకాలం తునికాకు ఏరిన పైసలు బ్యాంకులో వేసుకుంది. ఖాతా ఆమెదే, ఆ ఖాతాకు ఇచ్చిన నెంబరు కొడుకుది. ఉచితంగా చూడొచ్చని వాడు ఒక యాప్‌లో పేరు నమోదు చేశాడు. నెల తిరిగాక చందా దానంతటదే కోత పడటం మొదలైంది. వాడు యాప్ తీసేశాడు, అంతటితో అయిపోయిందనుకున్నాడు. యాప్ తీసేసినంత మాత్రాన ఆటోపే ఆగదు. ఆమెకు తెలిసింది బ్యాంకులో పాస్‌బుక్ ముద్రించుకున్న రోజున.

చట్టం లేదా అంటే ఉంది. ఆటోపేలో డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందుగా కబురు పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలవుతోంది. మొదట్లో ఒక్కసారి ఒప్పుకుంటే తర్వాత 15,000 రూపాయల దాకా ప్రతిసారీ ఓటీపీ అడగనక్కర్లేదని 2022లో పరిమితి పెంచారు. సులువుగా చేర్చుకుని, మానుకోవాలంటే తిప్పలు పెట్టే 'చందా ఉచ్చు'ను 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధించింది కూడా. ఇవన్నీ వినియోగదారుడు అనే ఒక మనిషిని ఊహించుకుని రాసినవి. ఆ మనిషి ఖాతా, ఫోను, చూసే కళ్లు అన్నీ ఒకరివేనని చట్టం అనుకుంటుంది. ఆమె విషయంలో ఖాతా ఆమెది, ఫోను కొడుకుది, చూసింది వాడు. ముందస్తు కబురు నిబంధన ప్రకారమే వచ్చి ఉంటుంది. వాడి ఫోనుకు!

పిల్లల తాళం విషయం చూడండి. 13 ఏళ్లు, ఆ పైబడిన వాళ్లకు అని వర్గీకరించిన వాటికి తాళం వేసుకునే వీలు ఇవ్వాలని 2021 ఐటీ నియమాలు చెబుతున్నాయి. ఆ పిన్ను నెంబరు పెట్టేది ఖాతాదారు, అంటే తండ్రి. పిల్లవాడు చూడరానిది చూస్తే 'నువ్వేం చేస్తున్నవ్ ఇంట్ల?' అని అడిగేది తల్లిని.

ఇక ఆమె ఏదైనా చూసిందే అనుకోండి, సగంలో ఆపిన సినిమా బొమ్మ తెర మీద అందరికీ కనబడుతూ ఉంటుంది. భార్యను కొట్టే మొగుడి కథ చూసిందా, ప్రేమకథ చూసిందా, ఎన్ని గంటలకు ఆపిందా అన్నది ఇల్లంతటికీ తెలుస్తుంది. నవల అయితే బియ్యం డబ్బా వెనక దాచుకునేది మా అమ్మల తరం.

కూడు లేక చస్తుంటే ఓటీటీ గొడవేమిటని మనలోనే కొందరంటారు. శ్రామికులకు తీరిక, సాంస్కృతిక అవకాశాలు ఉండేలా రాజ్యం చూడాలని రాజ్యాంగం 43వ అధికరణం చెబుతోంది. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు పెడితే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. తీరికే అంత ఇరుకైనప్పుడు ఆ కాస్తలో ఏం చూడాలో కూడా వేరొకరు చెప్పాలా?

ఆడవాళ్లకు చూడాలని లేదనేది కూడా అబద్ధం. 'బలగం' 2023 మార్చి 3న థియేటర్లకు, అదే నెల 24న ఓటీటీకి వచ్చింది. ఫోన్లలో ఉండగానే తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెర కట్టి ఆ సినిమా చూశారు. ముసలమ్మలు, కోడళ్లు, పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు కింద కూర్చుని ఏడ్చారు. నిర్మాత హక్కుల సంగతి వేరే చర్చ. నాకు కావాల్సిందల్లా ఒకటే: అక్కడ ఎవరూ పాస్‌వర్డు అడగలేదు, ఎవరూ ఎవరి ఫోనూ బతిమాలలేదు. పది మంది ఆడవాళ్లు కలిసి ఒక చందా కట్టుకుని కలిసి చూసే ప్లాను ఏ కంపెనీ దగ్గరా నేను చూడలేదు. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో పాస్‌వర్డు ఒకే ఇంటివాళ్లకే అన్నది. అత్తగారింటికి పోయిన బిడ్డ అన్న ఖాతాలో చూడటానికి వీల్లేదన్నమాట. పుట్టిల్లు నీది కాదని ఇప్పుడు కంపెనీ కూడా చెబుతోంది.

సంఘం మీటింగులో పొదుపు లెక్కలు అయ్యాక ఒక పావుగంట ఫోన్లు బయటికి తీద్దాం. మన బ్యాంకు ఖాతాకు ఎవరి నెంబరు ఉందో చూసుకుని, మనది కాకపోతే బ్యాంకుకు పోయి మార్చుకుందాం. యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఒక జాబితా ఉంటుంది. దాంట్లో మనకు తెలియని పేరు కనబడితే అక్కడే రద్దు చేయొచ్చు. కంపెనీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు.