శిలలు చెప్పని సాక్ష్యము

రుమేనియా రాజధానియగు బుకారెస్టులో పరదేశయాత్రికుల కొక క్రొత్తతరహా యాత్ర ఏర్పడియున్నది. మార్గదర్శి ముందు నడువగా పదియిరువదిమంది కాలినడకను వెంబడించి, రెండు మూడు గంటలలో, 1947 మొదలు 1989 వరకు ఆ దేశము నేలిన కమ్యూనిస్టు ప్రభుత్వపు ఆనవాళ్లను చూచి పోవుచున్నారు. మార్గదర్శులలో ఆ ప్రభుత్వము కూలిన పిమ్మట పుట్టిన యువజనులును గలరు. తాము చూడని కాలమును, ఏమాత్రము నెరుగని పరదేశులకు, వారు వర్ణించి చెప్పుచున్నారు.

ఇట్టి యాత్రలు కూడునా, కూడదా యను చర్చ మాకు వలదు. గ్రంథములు చదువు తీరికలేనివారికి వీథియే చరిత్రగ్రంథము. అయితే ఆ గ్రంథమున ఏ పుటలు తెరచి చూపుచున్నారు, ఏ పుటలు మూసి యుంచుచున్నారు అనునది విచారింపదగిన విషయము. ఏలయన, ఒక జాతి తన దుష్కాలమును ఎట్లు జ్ఞాపకముంచుకొనునో, దానినిబట్టియే ముందు అట్టి కాలము మరల రాకుండ కాచుకొను శక్తియు నుండును.

యాత్రకు ప్రధానస్థానము విప్లవచత్వరము. పూర్వపు రాజభవనమునకు సమీపముననే కమ్యూనిస్టుపార్టీ కేంద్రసంఘపు భవనము గలదు. దాని బాల్కనీని ప్రతి మార్గదర్శియు చూపును. 1989 డిశెంబరు 21వ తేదీన అచ్చటనుండియే నికొలాయి చౌషెస్కు తన కడపటి ఉపన్యాసము నిచ్చెను. తిమిషువారా నగరమున సైనికులు ప్రజలపై కాల్పులు జరిపి నాలుగుదినములైన గడువలేదు. జయజయధ్వానములు చేయుటకై రప్పింపబడిన జనమునుండి అకస్మాత్తుగా కేకలు బయలుదేరెను. నాయకుడు తెల్లబోయి, జీతములు పెంచెదనని వాగ్దానము చేసెను. మరునాడు ఆ మేడపైనుండియే హెలికాప్టరులో పారిపోయెను. డిశెంబరు 25వ తేదీన తుర్గోవిష్టెలోని సైనికశిబిరమున, స్వల్పకాలపు విచారణ జరిపి, ఆతనిని భార్యయగు ఎలీనాతో గూడ కాల్చివేసిరి.

ఈ కథ అందరికిని తెలిసినదే. దీనికి పూర్వపుకథ చెప్పనియెడల అర్థము పూర్తికాదు. 1968 ఆగస్టు 21వ తేదీన, సోవియట్ సేనలు చెకొస్లొవేకియాలో జొరబడిన దినముననే, ఇదే చౌషెస్కు ఇదే బాల్కనీనుండి ఆ దురాక్రమణమును బహిరంగముగా ఖండించెను. నాడు క్రిందనున్న జనము కొట్టిన చప్పట్లు ఎవరి బలవంతమువలనను కొట్టినవి కావు. ఒక చిన్నదేశపు నాయకుడు మహాబలవంతమగు రాజ్యమునకు ఎదురుపలికెనని పాశ్చాత్యులును ఆతని మెచ్చుకొనిరి. నాడు కూడబెట్టిన ఆ కీర్తిని ఆతడు ఇరువది సంవత్సరములు తన ప్రజలపై వ్యయము చేసెను. 1971లో చైనాను, ఉత్తరకొరియాను చూచివచ్చిన తరువాత సాహిత్యమునకును, విద్యకును సంకెలలు బిగించెను. 1974లో అధ్యక్షపదవి నంగీకరించునప్పుడు చేత రాజదండము ధరించెను. 1947 డిశెంబరు 30వ తేదీన మైకేలురాజుచేత సింహాసనము విడిపించిన పార్టీ, ఇరువదియేడు సంవత్సరములు తిరుగకమునుపే, దండమును తన నాయకుని చేతికిచ్చెను. పరాయివాని కెదురు తిరిగినవాడెల్ల స్వజనమునకు స్వాతంత్ర్యమిచ్చునని నమ్మరాదు. స్వదేశాభిమానమను పేరు మిక్కిలి గొప్పది గనుకనే దానిచాటున దాగుటయు మిక్కిలి సులభము.

చత్వరమును దాటి దక్షిణముగా పోయినచో ఆతని మహాసౌధము కనబడును. 1977 మార్చి 4వ తేదీన గొప్ప భూకంపము సంభవించి దేశమున 1500 మందికి పైగా మృతినొందిరి; వారిలో అత్యధికులు రాజధానివాసులే. నగరమును తిరిగి నిర్మించు నెపమున, భూకంపమునకు కూలని యూరానస్ పేటను ప్రభుత్వమే కూల్చెను. వేలకుటుంబములవారు స్వల్పవ్యవధిలో తరతరముల ఇండ్లు వీడి ఎత్తయిన కాంక్రీటు మేడలలో చేరవలసివచ్చెను. దేవాలయములు కొన్ని నేలమట్టమాయెను. మరికొన్నిటిని యూజెన్ యోర్దకెస్కు అను ఇంజనీరు పునాదులతో పెకలించి, పట్టాలపై జరిపి రక్షించెను. మిహాయి వోడ చర్చిని 1985లో దాదాపు 290 మీటర్లు జరిపిరి. అట్లు జరుపబడిన కోవెలలు నేడు మేడల వెనుక మరుగుపడియున్నవి. 1984లో ప్రారంభమైన మహాసౌధముమాత్రము వేయికి పైగా గదులతో నిలచియున్నది. రుమేనియా పార్లమెంటు నేడు అందులోనే సమావేశమగుచున్నది.

యాత్రికులు దీనిని చూచి నోరు తెరతురు. ఈ యాత్రలలో మేము గమనించిన మొదటి ప్రమాద మిదియే. నిరంకుశుడు తన గొప్పను చాటుటకై కట్టించినదానిని వెలయిచ్చి చూచి ఆశ్చర్యపడినచో, ఆతని యభీష్టమునే మనము నెరవేర్చినట్లగును. కట్టినది కంటికి కనబడును, కూల్చినది కనబడదు. పస్తులకు స్మారకస్తంభము లేదు. 1980 తరువాత విదేశపుటప్పులు తీర్చుటకై తినుబండారములను పరదేశముల కెగుమతిచేసి, స్వజనమునకు రొట్టె, నూనె, చక్కెర లెక్కగట్టి యిచ్చిరి. చలికాలమున ఇండ్లలో వేడి లేదు, దీపములకు తగిన విద్యుచ్ఛక్తి లేదు. అప్పంతయు తీరినదని 1989 ఏప్రిలులో ప్రకటించిరి. ఎనిమిదినెలలలో ప్రభుత్వమే కూలెను. ఖజానా ఋణవిముక్తమైనంత మాత్రమున రాజ్యము ప్రజలకు ఋణపడియుండుట తీరదని ఇందువలన స్పష్టమగుచున్నది.

మరియొక శాసనమును స్మరింపవలయును. 1966లో వెలువడిన 770వ డిక్రీ జనాభా పెంచుటకై గర్భస్రావమును నిషేధించెను. రహస్యచికిత్సలకు పాల్పడి స్త్రీలు వేలసంఖ్యలో మరణించిరి. వారి పేర ఏ చత్వరమును లేదు. అయితే ఆ శాసనమువలన 1967లోను తదుపరి సంవత్సరములలోను పుట్టిన బిడ్డలు 1989 నాటికి ఇరువదియేండ్ల ప్రాయమువారై వీథులలో నిలిచి ఆ శాసనకర్తనే పడద్రోసిరి. క్రొత్తప్రభుత్వము మొట్టమొదట రద్దుచేసిన చట్టములలో ఇదియు నొకటి.

నగరమున తిరిగి చూచువారికి గ్రామములు కనబడవు. మన పాఠకులలో భూవసతి గలవారు ఈ భాగమును శ్రద్ధగా గమనింతురుగాక. 1945లో భూస్వాముల భూములను పంచి రైతులకిచ్చిరి. 1949లో ఆ రైతులనుండియే భూములను సమష్టిక్షేత్రములకు లాగుకొన నారంభించి 1962లో కార్యము ముగిసినదని చాటిరి. ఈ పోరాటమున 80,000 మందికి పైగా రైతులను నిర్బంధించినట్లు పార్టీనాయకుడగు గెయోర్గియు-దేజ్ 1961లో తానే యొప్పుకొనెను. తప్పును మాత్రము పదవినుండి తొలగించిన సహచరులపై నెట్టెను. రైతుపక్షనాయకుడగు యూలియు మానియు 1953లో సీగెత్ కారాగారమున కన్నుమూసెను. ఆయన ప్రతిమ నేడు విప్లవచత్వరముననే యున్నది. దానియెదుట ఆగి ఆయన ఎవరో చెప్పు మార్గదర్శి తన కూలికి న్యాయము చేసినవాడు.

పత్రికావృత్తిలోనున్న మాకు నగరపు ఉత్తరభాగముననున్న పత్రికాభవనము విశేషముగా తోచుచున్నది. పార్టీపత్రికయగు స్కింతెయా పేర కట్టిన ఆ మహాభవనము ముందు 1960 మొదలు లెనిన్ విగ్రహముండెను. 1990 మార్చిలో దానిని దించివేసిరి. 2016లో ఆ తావున కమ్యూనిస్టు ప్రభుత్వమును ప్రతిఘటించినవారి స్మారకముగా రెక్కల ఆకృతిగల కట్టడమును ప్రతిష్ఠించిరి. అచ్చట నిలిచి చెప్పవలసిన సంగతి యొకటి గలదు. 1983లో ఆ ప్రభుత్వము టైపురైటరు గల ప్రతివాడును దానిని పోలీసువారియొద్ద నమోదుచేయించి, అక్షరముల నమూనా సమర్పింపవలెనని శాసించెను. సైన్యము, గూఢచారులు, రేడియో, పత్రికలు సర్వమును చేతనున్న ప్రభుత్వము ఇంటిమూలనున్న చిన్నయంత్రమునకు జడిసెను! అక్షరపు బలమును గూర్చి ఇంతకుమించిన యోగ్యతాపత్రము మే మెరుగము.

ఇక రెండవ ప్రమాదము. తప్పంతయు ఒక దంపతులపై మోపి తక్కినవారందరు చేతులు కడుగుకొనుట. 1989లో ఆ పార్టీయందు 38 లక్షల సభ్యులుండిరి. వారందరు హెలికాప్టరెక్కి పారిపోలేదు. విప్లవమున మరణించినవారు 1,104 మంది యని అధికారికముగా లెక్కించిరి. వారిలో అత్యధికులు చౌషెస్కు పారిపోయిన పిమ్మటనే చనిపోయిరి. ఎవరి తుపాకీకి, ఎవరి యాజ్ఞకు బలియైరో న్యాయస్థానము తేల్చలేదు. పార్టీలో పెరిగి, విప్లవానంతరము అధ్యక్షుడైన ఇయాన్ ఇలియెస్కు, 1990 జూనులో గనికార్మికులు రాజధానిపై పడి విద్యార్థులను, ప్రతిపక్షులను చావమోదగా వారికి కృతజ్ఞత తెలిపెను. విప్లవమునాటి మరణములనుగూర్చి ఆయనపై 2019లో ప్రాసిక్యూటర్లు అభియోగము మోపిరి. 2025 ఆగస్టులో ఆయన తీర్పు వినకయే మృతినొందెను. రమ్నికు సరాత్ కారాగారాధికారియగు విషినెస్కువంటి ఒకరిద్దరికి మాత్రము, అదియు 2016 నాటికి, తొంబదియేండ్ల వయస్సున, శిక్ష స్థిరపడెను. 2006 డిశెంబరు 18వ తేదీన అధ్యక్షుడు ట్రాయాన్ బసెస్కు ఆ ప్రభుత్వము అక్రమము, నేరపూరితము అని పార్లమెంటున ప్రకటించుచుండగా సభ్యులు కొందరు అల్లరిచేసిరి. ఆ ప్రకటన జరిగినదియు చౌషెస్కు కట్టించిన సౌధముననే.

న్యాయము ఆలసించిన చోట విస్మృతి త్వరపడును. ఆ కాలమే మేలు, అందరికిని పని యుండెను, ఇల్లుండెను అని తలచువారు నేడు రుమేనియాలో తక్కువమంది కారు. వారిని పరిహసించి ప్రయోజనము లేదు. ఆ ప్రభుత్వము పల్లెలకు చదువు చేర్చినమాటయు, కర్మాగారములు నెలకొల్పినమాటయు నిజమే. పిమ్మట వచ్చిన స్వేచ్ఛలో అనేకులు పనులు పోగొట్టుకొని పొట్టచేతబట్టుకొని పరదేశములకు పోయినమాటయు నిజమే. అట్లే, కథను 1947లో ఆరంభించుటయు అర్ధసత్యమే యగును. 1941 జనవరిలో ఇదే నగరమున ఉక్కుదళమువారు యూదులను వధించిరి. అంటొనెస్కు ప్రభుత్వమున లక్షలాది యూదులు నశించిరి. వారి స్మారకము 2009లో మాత్రమే నిర్మితమైనది. ఎర్రజెండాకు ముందున్నదెల్ల స్వర్ణయుగమని బోధించు మార్గదర్శి, తరువాతిదెల్ల స్వర్ణయుగమని చాటిన పార్టీప్రచారకునికి తోబుట్టువు.

కావున మా యభిప్రాయ మిది. ఈ యాత్రలను నిషేధింపవలదు, నిందింపవలదు. అయితే మహాసౌధము ముందు గంటసేపు నిలిపి, జరుపబడిన కోవెలయొద్ద నిమిషమైన నిలుపని యాత్ర చరిత్రను బోధింపదు. చిత్రపటములకు పనికివచ్చును, అంతియే. గూఢచారిశాఖవారి దస్త్రములను పౌరులు చూచుటకు 1999లో చట్టము చేసిరి. ఆ దస్త్రములలో నున్నది ఒక్క చౌషెస్కు చేవ్రాలు కాదు. పొరుగువాని మాటలు మోసిన పొరుగువాడు, సహోద్యోగినిగూర్చి వ్రాసి యిచ్చిన సహోద్యోగి అందు గలరు. బాల్కనీపై నిలిచినవాడు ఒక్కడు. క్రింద నిలిచి చప్పట్లు కొట్టినవారు లక్షమంది. యాత్రికులను ఎల్లప్పుడు పైకి చూడుడని చెప్పుదురు. ఆ చత్వరమున క్రింద, జనము నిలిచిన తావున, తాను నిలిచియున్నచో ఏమి చేసియుండునో ప్రతివాడును ఆలోచించుకొనునట్లు చేసిననాడే ఆ నడక సార్థకమగును.