నైన్‌మైల్ సమాధి చెప్పని రాజకీయం

జమైకాలో సెయింట్ ఆన్ జిల్లా కొండదారుల్లో చాలా దూరం వెళితే నైన్‌మైల్ అనే చిన్న పల్లె వస్తుంది. 1945 ఫిబ్రవరి 6న రెగే గాయకుడు బాబ్ మార్లీ పుట్టింది అక్కడే. 1981 మే 21న ఆయనను సమాధి చేసిందీ అక్కడే. అప్పటికి ఆయన వయసు 36. యాత్రికులు చిన్ననాటి ఇల్లు చూస్తారు. ఆయన తల ఆనించి సేదతీరేవాడని చెప్పే రాతిని తాకుతారు. పాలరాతి సమాధి ముందు కాసేపు మౌనం పాటిస్తారు. సమాధిలో ఆయన గిటారు, బైబిల్ కూడా ఉన్నాయి. పరిసరాల్లో గంజాయి ప్రస్తావన లేకుండా సంభాషణ సాగదు. ఆ మాటకొస్తే, ‘గంజా’ అన్న పేరు జమైకాకు చేరింది మన దేశం నుంచే. 1845 మొదలు చెరకు తోటలకు తరలించిన భారతీయ కూలీల వెంట వెళ్ళింది.

అంతా ప్రశాంతంగా ఉంటుంది. నా అభ్యంతరం ఆ ప్రశాంతతతోనే.

1976 డిసెంబరు 3న కింగ్‌స్టన్‌లోని మార్లీ ఇంట్లోకి సాయుధులు చొరబడి కాల్పులు జరిపారు. ఆయనకూ, భార్య రీటాకూ, మేనేజరుకూ తూటాలు తగిలాయి. మరో రెండు రోజుల్లో ఆయన ఉచిత కచేరీ చేయవలసి ఉంది. దానిని ప్రభుత్వ సహకారంతో ఏర్పాటు చేశాక, ప్రధాని మైఖేల్ మాన్లీ అదే నెలలో ఎన్నికలు ప్రకటించారు. దాంతో జనం కోసం అనుకున్న పాట పాలకపక్షం ప్రచారంగా కనిపించింది. అయినా మార్లీ గాయాలతోనే వేదికెక్కి పాడాడు. ఆపైన ఏడాదికి పైగా దేశం విడిచి ఉన్నాడు.

తిరిగి వచ్చి 1978 ఏప్రిల్ 22న శాంతి కచేరీలో మాన్లీనీ, ప్రతిపక్ష నేత ఎడ్వర్డ్ సియాగానూ వేదికపైకి పిలిచి ఇద్దరి చేతులూ కలిపి పైకెత్తాడు. ఆ చిత్రం లోకమంతా తిరిగింది. కానీ రెండు పార్టీల అండతో వీధులనేలిన ముఠాల చేతుల్లోని తుపాకులు అలాగే ఉన్నాయి. 1980 ఎన్నికల ఏడాదిలో రమారమి 800 మంది చనిపోయారు. గెలిచిన సియాగా, మరుసటి ఏడాది ప్రధానిగా మార్లీ అంత్యక్రియల్లో సంతాప ప్రసంగం చేశారు.

బతికున్న కళాకారుణ్ణి ఎన్నికల బరువు మోయించి, చనిపోయాక జాతి సంపదగా ప్రకటించడం పాలకులకు కొత్త కాదు. ఢిల్లీలో ఇన్నేళ్ళుగా చూస్తున్నదే. 2005లో ఆయన భౌతికకాయాన్ని ఇథియోపియాకు తరలిస్తారన్న వార్త వచ్చినప్పుడు జమైకాలో దుమారం చెలరేగింది. చివరకు తరలింపు జరగలేదు. ఆ సమాధిపై తమ హక్కు గురించి అంత పట్టుదల చూపిన దేశం, ఆ మనిషిపై తూటాలు ఎందుకు పేలాయన్న ప్రశ్నను మాత్రం అంతే పట్టుదలగా అడగలేదు.

తప్పు పల్లెది కాదు. అక్కడివారికి బతుకుతెరువు యాత్రికులు. యాత్రికులకు కావలసింది నవ్వే ముఖం, మూడు రంగుల రాయి. నన్నడిగితే ఆ రాయికంటే ముందు క్లాడ్ మసాప్, బకీ మార్షల్‌ల కథ చెప్పాలి. ప్రత్యర్థి ముఠాల నాయకులైన ఈ ఇద్దరూ చేతులు కలిపినందువల్లే 1978 కచేరీ సాధ్యమైంది. మసాప్‌ను మరుసటి ఏడాదే పోలీసులు కాల్చి చంపారు. 1980లో మార్షల్ న్యూయార్క్‌లో హత్యకు గురయ్యాడు.