లైబ్రరీ లాగిన్‌కూ ఓ లెక్కుంది!

లండన్: షిఫ్టు ముగించుకుని రూముకొచ్చాక, అర్ధరాత్రి అయినా సరే, ఒక్క క్లిక్‌తో జర్నళ్లు చదువుకుంటున్నారు మన ఎమ్మెస్సీ విద్యార్థులు. ఆ సదుపాయం ఊరికే రాలేదు. యూనివర్సిటీలు ఏటా భారీగా చందా కడితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది.

ఎవరికి వారు బేరమాడితే ప్రచురణ సంస్థలదే పైచేయి. అందుకే బ్రిటన్ యూనివర్సిటీలన్నిటి తరఫునా 'జిస్క్' మాట్లాడుతుంది. ఎల్సెవియర్ తొలి ప్రతిపాదనలను కాదన్నాకే 2022 మార్చిలో మూడేళ్ల ఒప్పందం కుదిరింది. అయితే ఉమ్మడి బేరం కుదిరినా, చేరాలా వద్దా అన్నది ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ తేల్చుకోవాల్సిందే.

అసలు లెక్క అక్కడే మొదలు. కట్టిన సొమ్మును డౌన్‌లోడ్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో వ్యాసం ఎంతకు పడిందో తెలుస్తుంది. చందా ఆపినా పాత సంచికలు మిగులుతాయా, ఆ వ్యాసాలు బయట ఉచితంగా దొరుకుతాయా, వేరే లైబ్రరీ నుంచి తెప్పిస్తే చవకా అనీ చూస్తారు. లెక్చరర్లనూ అడుగుతారు.

చిక్కల్లా ఏమిటంటే, ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ ఈ లెక్కలోకి రాదు. పదిమంది చదివినా ఒక్క డౌన్‌లోడే. విదేశీ విద్యార్థులు తగ్గి బడ్జెట్ బిగుసుకున్న చోట, వాడకం తక్కువని తేలిన వాటిపైనే ముందు కత్తెర పడుతుంది.

మన దేశంలో ప్రభుత్వ విద్యాసంస్థల కోసం 2025 జనవరిలో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మొదలైంది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు కేంద్రమే భరిస్తోంది. ఇక్కడ మాత్రం ఆ ఖర్చులో మన ఫీజులూ ఉన్నాయి. అప్పుచేసి కట్టిన డబ్బు అది. కాబట్టి కావాల్సిన వ్యాసాన్ని సొంత లాగిన్‌తోనే తీసుకోండి. రెన్యువల్ లెక్కలో అదే మీ ఓటు!