పథ్యమా, పస్తా?

మన కుటుంబములు తమిళ, కన్నడ, మరాఠ, ఒడిసా సీమలలో తరతరములుగా నెలకొన్నను, రోగి మంచముచుట్టు చేరినప్పుడు మన పెద్దల నోట వచ్చుమాట నేటికిని ఒక్కటే: లంఘనం పరమౌషధం. అజీర్తికి ఆ మాట తగునేమో. కీమోథెరపీ పొందుచున్న క్యాన్సరు రోగికి మాత్రము అది అపాయకరము.

ఆ మందులు వేగముగా వృద్ధిచెందు కణములను దెబ్బతీయును. క్యాన్సరు కణములతోపాటు నోటిపొర, ప్రేవులపొర, ఎముకలలోని మూలుగయు ఆ దెబ్బకు లోనగును. నోటిపూత, వాంతులు, విరేచనములు అందువలననే. దేహము తిరిగి కోలుకొనుటకు మాంసకృత్తులు కావలయును. అట్టి వేళ 'పప్పు వాతము, గ్రుడ్డు వేడి, పెరుగు జలుబు' అని వచ్చిన బంధువెల్ల ఒక్కొక్క వస్తువును తీసివేయించుచుండ, తుదకు విస్తరిలో మిగులునది చారునీళ్లే. రోగి చిక్కి నీరసించినచో తరువాతి విడత మందును వైద్యులు వాయిదా వేయవలసి రావచ్చును. ఆ వాయిదా ఎవరికి మేలు?

అట్లని బలవంతముగా కుక్కుటయు తగదు. రెండుమూడు గంటలకొకమారు కొంచెము కొంచెముగా మెత్తని ఇడ్లీ, పెసరకట్టు కలిపిన అన్నము, రాగిజావ, బాగుగా ఉడికిన గ్రుడ్డు పెట్టవచ్చును. పోపువాసనకే కడుపు త్రిప్పువారికి చల్లారిన ఆహారము హితము. నోరు పూసినవారు ఆవకాయకు కొంతకాలము సెలవీయవలసినదే. మన యిండ్లలో ఇది చిన్న త్యాగము కాదని యెరుగుదును. వాంతిని ఆపు మాత్రను వైద్యులు చెప్పిన వేళకే వేయవలయును గాని, వాంతి యైనపిదప వెదకికొనరాదు.

కాచి చల్లార్చిన నీటిని గుటకగుటకగా త్రాగింపవలయును. మూత్రము తగ్గి ముదురు పసుపైనచో నీరు చాలలేదని గుర్తు. విరేచనములకు మందులంగడిలో దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఉత్తమము, అది లేనప్పుడు లీటరు నీటికి మట్టముగా 6 టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారికి నీటికొలత వైద్యులే చెప్పవలయును. తెల్లకణములు తగ్గియుండు దినములలో బజారున కోసియుంచిన పండ్లు వలదు. జ్వరము 100.4 డిగ్రీలు చేరినచో కషాయములతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పోవలయును.

అడయారులో 1954లో ముత్తులక్ష్మీ రెడ్డిగారు నెలకొల్పిన క్యాన్సరు సంస్థకు, ముంబయి టాటా ఆసుపత్రికి మనవారు పలువురు పోవుచున్నారు. సాధారణముగా వైద్యుని మాట వినివచ్చునది కొడుకు. వంటయింట ఆజ్ఞ సాగునది అవ్వది. ఆహారపత్రము పరభాషలోనున్న, అది అలమరలోనే నిద్రించును. కనుక ఈమారు పోవునప్పుడు అవ్వను వెంట తీసికొనిపోయి, ఆహారనిపుణులు చెప్పు మాటలను ఆమెనే స్వయముగా విననిండు. ఆమె సందేహములను ఆమెనే అడుగనిండు.