చిప్పురచనకు ఉమ్మడి పనిముట్లు

వడ్రంగికి బాడిస నద్దెకిచ్చి, గడువు తీరిననాడు వాడు చేసిన పీటనుగూడ గదిలోబెట్టి తాళము వేయు షావుకారును లోకమేమనును? ఎలక్ట్రానిక్ చిప్పుల రచనలో నిట్టి యేర్పాటే చిరకాలముగ సాగుచున్నది. చిప్పును గీయుటకును, పరీక్షించుటకును వలయు సాఫ్టువేరు ముఖ్యముగ సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్ అను మూడు కంపెనీల చేతిలో నున్నది. లైసెన్సు ముగిసినచో విద్యార్థి తాను గీసిన పటమును తానే తెరచి చూడజాలడు. ముచ్చటపడి చిప్పు రచింపనెంచు సామాన్యునకు ఆ లైసెన్సు వెల యందనిమాట.

ఇది మొదటినుండి యున్న స్థితి కాదు. 1973లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున పుట్టిన స్పైస్ అను సర్క్యూట్ల గణనసాధనమును ఎల్లరకు పంచిపెట్టిరి. 1980 తరువాతి యేండ్లలో నచ్చటనే జాన్ ఔస్టర్‌హౌట్‌గారును, వారి శిష్యులును నిర్మించిన మ్యాజిక్ అను చిత్రణసాధనము నేటికిని వాడుకలో నున్నది. నలువది యేండ్లు! ఈ నడుమ నెన్ని కంపెనీలు పుట్టి గిట్టినవో. మూలరచన యందరియొద్ద నుండుటచేతనే ఒకరు విడిచిన పనిని మరియొకరు అందుకొనగలిగిరి. వెరిలాగ్ భాషలో వ్రాసినదానిని గేట్లుగ మార్చు యోసిస్, ఆ గేట్లను తగిన తావుల నమర్చి తీగెలు కలుపు ఓపెన్‌రోడ్ తరువాత వచ్చిచేరినవి.

అయినను పనిముట్టొక్కటియే చాలదు. తీగె యెంత సన్నముగ నుండవచ్చును, రెండు తీగెల నడుమ నెంత యెడము విడువవలెను అను నియమసంపుటమును కర్మాగారములు రహస్యపత్రముపై సంతకము చేసినవారికే యిచ్చుచుండెను. 2020లో గూగుల్, స్కైవాటర్ సంస్థలు 130 నానోమీటర్ల పద్ధతికి చెందిన సంపుటమును బహిరంగపరచుటతో నా నిర్బంధము సడలినది. 2022లో వెలసిన టైనీ టేపవుట్ అనేకుల చిన్న రచనలను ఒకే చిప్పుపై చేర్చి ఖర్చును పంచినది. ఒక్కొక్కరి పాలికి వచ్చు చోట సుమారు 1000 గేట్లు పట్టును. అందులో గడియారములు, ఆటబొమ్మలవంటివి చాల గలవు. ఉండనిండు, మొదటి బండి కట్టువాడు రథము కట్టునా?

2025 మార్చిలో, ఈ రచనలను కర్మాగారమునకు చేర్చుచుండిన ఈఫ్యాబ్లెస్ కంపెనీ ధనము చాలక మూతపడెను. తయారీలోనున్న చిప్పులు చిక్కులోబడెను. సొమ్ము చెల్లించినవారు దిగులుపడిరి. కాని పనిముట్లు మూతపడలేదు. తన సంపుటమును బహిరంగపరచియున్న జర్మనీలోని ఐ.హెచ్.పి. పరిశోధనాలయపు కర్మాగారమును ఆశ్రయించి టైనీ టేపవుట్ ఆ సంవత్సరమే పని సాగించెను. పనిముట్లుగూడ ఆ కంపెనీ సొత్తే యైయున్నచో నేమి మిగిలియుండెడిది?

అత్యంతసూక్ష్మమైన చిప్పులకు ఉమ్మడి పనిముట్లు చాలవందురు. నిజమే. సెల్‌ఫోనులోని చిప్పును వీనితో రచింపవలెనని మేమనుటలేదు.

మన దేశమున 2021 డిసెంబరులో సెమీకండక్టరు పరిశ్రమకై 76,000 కోట్ల రూపాయల పథకము ప్రకటింపబడెను. బెంగుళూరు సి-డాక్‌లోని చిపిన్ కేంద్రము ద్వారా విద్యాసంస్థలకును, క్రొత్త కంపెనీలకును పెద్ద కంపెనీల సాధనములు లభించుచున్నవి. మంచిదే. కాని కళాశాల గడప దాటిన యువకునకును, ఏ కళాశాలకును పోని టీవీ మరమ్మతుదారునకును ఆ తలుపు మూసియే యుండును. అద్దెలకు వెచ్చించు ధనములో నూటికొక పాలైనను ఉమ్మడి సాధనములను బాగుచేయువారికి వేతనముగ నిచ్చినచో, ఆ పని గడువు లేక మనకు దక్కును. మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టరు లేబొరేటరీ 180 నానోమీటర్ల పద్ధతిలో చిప్పులు చేయుచున్నది. అది ప్రజాధనముతో నిలిచిన శాల. దాని నియమసంపుటమును ఏ సంతకమును కోరక ప్రతి పౌరుని చేతను చదువనీయవలెనని మేము ఢిల్లీ మంత్రిత్వశాఖవారిని కోరుచున్నాము. స్కైవాటర్ చేసిన పనిని మొహాలీ చేయరాదనుటకు కారణమున్నచో వారు ప్రకటింతురు గాక.