సెలవు అందరిదీ, పోయిన పాఠం మాది

ఈ వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, జోకులు ఎలాగూ ఉంటాయి. మేము మాత్రం భోజనాల దగ్గర, స్టడీ అవర్లో రోజూ మాట్లాడుకునే ఒక సంగతి రాయదలచుకున్నాం. అది సెలవుల సంగతి. నవ్వకండి! సెలవంటే మాకేమీ చేదు కాదు. నోటీసు బోర్డులో "రేపు సెలవు" అని కనబడితే ముందుగా ఈల వేసేది మా హాస్టల్ వాళ్ళే. కానీ ఆ సెలవుతో పోయిన పాఠం మళ్ళీ ఎప్పుడు, ఎలా చెబుతారన్నదే మా ప్రశ్న.

ఒక లెక్క చూడండి. 2025లో ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం, ఆగస్టు 15 స్వాతంత్ర్య దినోత్సవం, సెప్టెంబరు 5 మిలాదున్నబీ. మూడూ శుక్రవారాలే. అంటే వరుసగా వచ్చిన ఐదు శుక్రవారాల్లో మూడు పోయాయి. అదే రోజుల్లో సోమవారాల్లో ఒక్క పండుగా పడలేదు. సైన్సు గ్రూపుల్లో ప్రాక్టికల్స్ బ్యాచ్‌ల వారీగా, వారానికి ఒక రోజు చొప్పున జరుగుతాయి. సోమవారం బ్యాచ్ వాళ్ళు ప్రయోగాలన్నీ చేసుకుంటూ పోతే, శుక్రవారం బ్యాచ్ వాళ్ళం రెండు ప్రయోగాల దగ్గరే ఆగిపోయాం. పాఠమైతే పక్కవాడి నోట్సు చూసి రాసుకోవచ్చు. ప్రయోగం చూసి రాస్తే రికార్డు నిండుతుందేగానీ చేతికి పని రాదు.

ఆ బాకీ తీర్చడానికి ఒక శనివారం సాయంత్రం నోటీసు పెట్టారు. మర్నాడు ఆదివారం ఉదయం 9 గంటలకు మూడు క్లాసులు వరసగా అని. అప్పటికే మాలో కొందరు ఊళ్ళకు బస్సెక్కేశారు. మిగిలినవాళ్ళలో కొందరికి ఆ రోజు పెళ్ళిళ్ళలో క్యాటరింగ్ పని ఒప్పుకుని ఉంది. ఆ డబ్బులతోనే నెల ఖర్చులు, పరీక్ష ఫీజులు గడవాలి. హాస్టల్లో ఆదివారం టిఫిను ఆలస్యం. అందుకని ఉన్నవాళ్ళు కూడా ఖాళీ కడుపుతోనే వెళ్ళారు. మూడో క్లాసుకి తలకెక్కింది తక్కువ, కునుకుపాట్లు ఎక్కువ. సిలబస్ పూర్తయినట్టు రిజిస్టరులో పడింది. పరీక్షలో ఆ యూనిట్ నుంచే పెద్ద ప్రశ్న వచ్చింది. మాలో ఒకడికి ఆ పేపరు పోయింది. వాడు వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు. "సెలవులిస్తే చదువుకోలేదా?" అని వాళ్ళ నాన్న అడిగితే ఏం చెప్పాలో వాడికీ తెలియలేదు, మాకూ తెలియలేదు.

టౌనులో ఇల్లున్న పిల్లలకు పాఠం పోతే ట్యూషన్ ఉంటుంది, ఇంట్లో చెప్పే అన్నయ్యో నాన్నగారో ఉంటారు. మాకు క్లాసులో విన్నదే చదువు. పైగా స్కాలర్‌షిప్‌కి 75 శాతం హాజరు తప్పనిసరి. అందువల్ల క్లాసు పోతే అందరికీ ఒక గంటే పోయినట్టు కనబడుతుంది గానీ, నష్టం అందరికీ సమానం కాదు.

పండుగలకు తోడు మన గోదావరి జిల్లాలకు తుపానులు, వరదలు ఉండనే ఉన్నాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన తీరం దాటినప్పుడు కూడా విద్యాసంస్థలు మూతపడ్డాయి. 2013లో రాష్ట్ర విభజన ప్రకటన తర్వాత సమ్మెలు, బందులతో వారాల తరబడి చదువులు ఆగిపోయిన సంగతి మా సీనియర్లు ఇప్పటికీ చెబుతారు. 2015 జూలైలో పుష్కరాల 12 రోజులూ రాజమండ్రిలో అడుగు తీసి అడుగు వేసే చోటు లేకపోయింది. 2027లో మళ్ళీ పుష్కరాలు. ఆ రోజుల పాఠాల సంగతి స్నానఘట్టాల పనులతో పాటే ఇప్పటినుంచీ ఆలోచించాలి కదా!

తుపాను చెప్పి రాదు, నిజమే. పండుగలు మాత్రం చెప్పే వస్తాయి. ప్రభుత్వం వచ్చే ఏడాది సెలవుల జాబితాను ముందే విడుదల చేస్తుంది. నెలవంకను బట్టి ఒకటి రెండు తేదీలు అటూ ఇటూ అవుతాయి, అంతే. ఏడాదికి 180 రోజులు, అంటే వారానికి ఆరు రోజుల చొప్పున 30 వారాలు బోధన జరగాలని యూజీసీ చెబుతోంది. కానీ మొత్తం రోజులు లెక్క కుదిరినంత మాత్రాన శుక్రవారం బ్యాచ్‌కి న్యాయం జరగదు. ఏ వారం ఎన్ని పోతున్నాయో విడిగా లెక్క చూడాలి. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక, అంతకుముందులా విశాఖపట్నం వైపు చూడనక్కరలేకుండా అనుబంధ కాలేజీల క్యాలెండరు మన రాజమండ్రిలోనే తయారవుతోంది. కాబట్టి మా విన్నపం దూరం పోనక్కరలేదు.

మేము కోరేది మూడు మాటలు. ఒకటి, సెమిస్టరు మొదట్లోనే లెక్క చూసి, సెలవులు తక్కువ పడిన వారాల్లో ఒక రోజు శుక్రవారం టైంటేబుల్ నడపండి. కొత్త రోజు అక్కరలేదు, ఉన్న రోజే సర్దుబాటు అవుతుంది. రెండు, అదనపు క్లాసు పెడితే మామూలు రోజుల్లో సాయంత్రం ఒక గంట పెట్టండి. అదీ బాలికల హాస్టల్ గేటు వేళకు అక్కచెల్లెళ్ళు చేరుకునేలా ఉండాలి. మూడు, ఆదివారం తప్పదనుకుంటే వారం ముందు చెప్పండి, మా వార్డెన్ గారికీ కబురు చేయండి. టిఫిను వేళ మారుతుంది, మా ప్రయాణాలు, పనులు మారతాయి. ముందు చెప్పకుండా పెట్టిన క్లాసుకి రాలేనివారికి ఆబ్సెంట్ వేయకండి.

లెక్చరర్లకూ ఇళ్ళూ పిల్లలూ పండుగలూ ఉంటాయని మాకు తెలుసు. గెస్ట్ లెక్చరర్లకు గంటల లెక్కన ఇస్తారు గనుక సెలవు వస్తే వారికి ఆదాయం కూడా పోతుంది. భర్తీ క్లాసుకి వారి గంటలు కలిపి ఇస్తే మా పాఠమూ నిలుస్తుంది, వారి జీతమూ నిలుస్తుంది.

ఇక మా తప్పులు కూడా ఒప్పుకోవాలి. సంక్రాంతికి కాలేజీ ఇచ్చినవి చాలక ముందు రెండు రోజులు, తరువాత రెండు రోజులు మేమే కలుపుకుంటాం. ముక్కనుమ అయినా బరుల దగ్గర నుంచి కదలం. కాలేజీ తెరిచిన రోజు బెంచీలు ఖాళీగా ఉంటే లెక్చరరు గారు మాత్రం పాఠం ఎవరికి చెబుతారు? ఇంట్లో దాళ్వా నాట్లకు సాయం వెళ్ళినవాడి సంగతి వేరు, వాడిని మనమే ఆదుకోవాలి. ఊరికే ఆగిపోయినవాడు మాత్రం సెలవుల మీద నింద వేయకూడదు. ఈ ఏటినుంచి సెలవుల తర్వాత తెరిచిన మొదటి రోజే హాస్టల్ మొత్తం క్లాసులో ఉండాలని మేము అనుకున్నాం. పోయిన పాఠాన్ని ఆ వారం స్టడీ అవర్లో సీనియర్లు చెప్పాలనీ అనుకున్నాం.

ఏప్రిల్ 14 సెలవు కూడా సరిగ్గా పరీక్షల ముందే వస్తుంది. ఆ సెలవు తీసేయమని మేము ఎన్నటికీ అనం. అది మన పండుగ. ఉదయం బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేసి, సాయంత్రం రెండు గంటలు పుస్తకం తీద్దాం.

చివరగా మా పూర్వ విద్యార్థులకు ఒక మాట. అన్నయ్యలూ, అక్కయ్యలూ! ఈ వార్షికోత్సవానికి మీరు వచ్చి మాకు పెన్నులు, పుస్తకాలు ఇస్తున్నారు. సంతోషం. వాటితో పాటు మీకు వీలైన ఒక ఆదివారం పూట కూడా ఇవ్వండి. ఫిజిక్స్ తెలిసినవారు ఫిజిక్స్, కామర్స్ తెలిసినవారు కామర్స్ మా వరండాలో కూర్చుని చెప్పండి. ఆ రోజు మా కోడికూరలో మీకూ వాటా ఉంటుంది. మీరు కూడా ఒకప్పుడు ఈ వరండాలోనే పక్కవాడి నోట్సు చూసి రాసుకున్నారు కదా!